వెండి పూత జాలీ

ఆ మంగళవారం పరశురాములు పెట్టుకున్న పని ఒక్కటే: ఏడున్నర బస్సుకు సిరిసిల్లలో ఎక్కి, పదకొండింటికల్లా జగిత్యాలలో ఆపరేషన్ బల్ల మీద పడుకోవడం. నాలుగు మరమగ్గాల ఆసామి ఆయన. పొత్తికడుపు పొర చిరిగి గడ్డ పొడుచుకొచ్చింది. మగ్గం మీది బరువు ఎత్తబోతే కళ్లముందు చుక్కలు కనిపిస్తున్నాయి. చిరిగినచోట ప్లాస్టిక్ దారంతో అల్లిన జాలీ పెడతామని, క్రిములు చేరకుండా దానికి వెండి పూత ఉంటుందని డాక్టర్ సృజన చెప్పింది. నేతపనివాడికి ఆ మాట నచ్చింది. ధైర్యం కూడగట్టుకోవడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

ఆయన స్నానం చేస్తుండగా లసుమవ్వ కోరుట్లలో ఉన్న బిడ్డ మాధవికి ఫోను చేసింది. పక్కనే నాలుగు మగ్గాలూ దడదడలాడుతున్నాయి.

"మీ బాపు కడుపుల వెండి జాలీ పెడ్తరట! జగిత్యాల పోతున్నం!"

మాధవికి వినబడినవి మూడే ముక్కలు: బాపు, కడుపుల వెండి, జగిత్యాల. బాపు వెండి మింగాడనుకుంది ఆమె.

"ఎప్పుడు మింగిండే అవ్వా?"

ఎప్పుడు తిన్నాడని అడుగుతోందనుకుంది లసుమవ్వ. "రాత్రి ఎనిమిదింటికే!"

మాధవి భర్త మహిపాల్‌కు కోరుట్లలో మందుల దుకాణం ఉంది. మింగింది కిందికి జారిపోవాలని అతడు ఫోను అందుకుని అరిచాడు. "అత్తా! అరటిపండ్లు తినిపియ్యి! ఎన్ని తింటే అంత మంచిది!"

ఈసారి ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించింది. బస్టాండులో లసుమవ్వ అరడజను పండ్లు కొని మొగుడి ఒళ్లో పెట్టింది.

"కడుపు ఖాళీగ ఉండాలె అన్నది గదనే డాక్టరమ్మ!"

"అల్లుడే ఫోన్ల చెప్పిండు. మందులమ్మెటోనికి తెల్వదా? తిను!"

పరశురాములు ఇంకా వాదించేవాడే. కానీ రాత్రి నుంచి కడుపులో ఏమీ లేదు. బస్సు వేములవాడ దాటేసరికి ఆరూ లోపలికి వెళ్లిపోయాయి.

ఈలోగా మాధవి, రుద్రంగిలో ఉన్న మేనమామ కొమురయ్యకు కబురు చెప్పింది. వెండి అంటే ఉత్త వెండి ఎవరు మింగుతారు, కడియమే అయి ఉంటుందని కొమురయ్య తేల్చుకున్నాడు. అందరికంటే ముందు ఆసుపత్రికి చేరి, నర్సు ముందు చేతులు జోడించాడు.

"మా బావ వెండి కడెం మింగిండమ్మా! జల్ది తియ్యున్రి!"

పరశురాములు గుమ్మంలో అడుగు పెట్టగానే నర్సు ఆయన్ను ఎక్స్‌రే గదికి నడిపించింది. అదీ ఆపరేషన్‌లో భాగమే అనుకుని ఆయన బుద్ధిగా ఊపిరి బిగబట్టాడు. ఎక్స్‌రేలో ఏ కడియమూ కనబడలేదు.

"సూశిన్రా! అరటిపండ్లు పంజేసినయ్!" అన్నాడు కొమురయ్య. అప్పుడే బండి దిగి లోపలికొచ్చిన మహిపాల్ వినయంగా తలవంచుకున్నాడు. కొమురయ్య బావ వైపు తిరిగాడు. "బావా, మల్ల దొడ్డికేమన్న పోయినవా తొవ్వల?"

"నీకెందుకయ్యా గా ముచ్చట?" పరశురాములు బిత్తరపోయాడు.

గొడవ విని డాక్టర్ సృజన బయటికొచ్చింది. "అరటిపండ్లేంది? ఎన్ని తిన్నరు?"

"ఆరు మేడం."

"ఎవరు తినమన్నరు?"

అందరి చూపులూ మహిపాల్ మీదికి మళ్లాయి. అతడు గోడమీది కాలెండరు చదవసాగాడు.

"ఇయ్యాల మత్తు ఇయ్యలేం. ఇంకో రోజు పెట్టుకుందాం," అంది డాక్టరు. పరశురాములుకు ఏడుపొచ్చినంత పనైంది. రెండు నెలలు పోగేసుకున్న ధైర్యం ఆరు పండ్లకు పోయింది.

కొమురయ్య చెప్పిన కడియం సంగతి కూడా విని, మింగడమంటే ఏమిటో, పెట్టడమంటే ఏమిటో అందరికీ ఒకేసారి చెబితే నయమని ఆమె లోపలి నుంచి ఒక జాలీ తెచ్చింది. అద్దంలాంటి కవరులో, సీలు విప్పకుండా ఉంది. "మీ వెండి ఇదే. చూడండి."

అందరూ చూసి ఇచ్చేశారు. పరశురాములు ఇవ్వలేదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి, తాను నేసిన బట్టలో తప్పు వెతికినట్టు వెలుగుకు పట్టి, అటూ ఇటూ తిప్పాడు.

"మేడం, గీ అంచు సూడున్రి. నాలుగు పోగులకు పూత అంటలే. ఉత్త ప్లాస్టిక్ లెక్క తెల్లగనే ఉన్నయ్."

డాక్టరు నవ్వుతూ వంగి చూసింది. నవ్వు ఆగింది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసింది. ఆ పెట్టెలోవన్నీ తెప్పించి చూస్తే మరో రెండింటి అంచుకూ అదే తెల్ల గీత. "నేనైతే దీన్ని పట్టుకునేదాన్ని కాదు," అని ఒప్పుకుని, వెంటనే జాలీ కంపెనీకి ఫోను చేసి, తప్పు పట్టిందెవరో కూడా చెప్పింది.

లసుమవ్వ కొంగు నడుముకు బిగించింది. "నేను పండ్లు పెట్టకుంటే గిది నీ కడుపులనే ఉంటుండె! ఇగ తిట్టు, ఎవలను తిడ్తవో!"

పరశురాములు శుక్రవారానికి ఆపరేషన్ రాయించుకున్నాడు.

శుక్రవారం కంపెనీ మనిషి కొత్త పెట్టె తీసుకొచ్చాడు. డాక్టరమ్మకు దూరం నుంచే ఒక నమస్కారం పెట్టి, నేరుగా పేషెంటు మంచం దగ్గరికి పోయి, పెట్టె ఆయన ముందు పెట్టి, చూసి చెప్పమన్నట్టు నిలబడ్డాడు.