నడినెత్తి సరిహద్దు

శనివారం పొద్దున వెర్లిన్ వేసుకున్న పథకం చిన్నదే. కూతురు జోయెల్ జుట్టును విడదీసి, రెండేసి పాయలు కలిపి మెలికలు తిప్పేయాలి. ఆదివారం పోర్ట్ ఆంటోనియో ఊరి పక్క నదిలో పిల్లకు బాప్తిస్మం. ఆ బిగుతు ఉంగరాల జుట్టును మూడేళ్లుగా కత్తెర తగలనివ్వకుండా జోయెల్ పెంచుకున్నది ఆ రోజు కోసమే.

"పొడిజుట్టుకు ఆముదం రాసి తిప్పాలమ్మా," అంది అత్తగారు ఇనేటా, పీట లాక్కుంటూ.

"పొడిగా తిప్పితే చిక్కుపడుతుందత్తయ్యా. తడిపి, కలబంద గుజ్జు రాయాలి."

"నీ ఆడపడుచుల తలలన్నీ నీ కలబందే చూసిందా?"

చివరకు తలను చెరిసగం పంచుకున్నారు. కుడివైపు అత్త, ఎడమవైపు కోడలు. పాయకూ పాయకూ మధ్య పాపిడి తీసి, క్లిప్పు పెట్టాలని ఇద్దరికీ తెలుసు. కానీ నడినెత్తిన పాపిడి తీస్తే సరిహద్దు ఒప్పుకున్నట్టవుతుందని ఎవరూ తీయలేదు. మధ్యాహ్నానికి అత్త మెలికలో కోడలి పాయ, కోడలి మెలికలో అత్త పాయ చేరి, పిడికిలంత ముద్ద తయారైంది.

"అమ్మా, కనుబొమలు పైకి పోతున్నాయే!" అని ఏడ్చింది జోయెల్.

"బెండకాయ జిగురు పోస్తే అదే జారిపోతుంది," అంటూ ఇనేటా వంటింట్లో చల్లారిన బెండకాయ కూర గిన్నె తెచ్చి ఒంపేసింది.

"అయ్యో అత్తయ్యా, అందులో ఉప్పుచేప వేశాను!"

ఆ సంగతి ఇంట్లో పిల్లికి ముందే తెలుసు. ఎగిరి తలమీద పడి, దిగనని గోళ్లతో పట్టుకుంది. దాన్ని లాగేసరికి ముద్ద ఇంకా బిగిసింది. దువ్వెన పళ్లు రెండు విరిగాయి.

ఎండ వాలేదాకా చూసి వెర్లిన్ కత్తెర తీసింది. ఇనేటా కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఈ తలమీద ఒక్కో వెంట్రుకా నీకు తెలుసు. ఏది ఎవరి వంతో నువ్వే చెప్పు."

ఆ లెక్క ఆయనకూ కష్టమే కావచ్చు. వెర్లిన్ ముద్దను మొదలంటా కత్తిరించేసింది. ఒళ్లో పడిన మూడేళ్ల జుట్టును జోయెల్ రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. అత్తాకోడళ్లు ఆ రోజు మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడే పాస్టరమ్మ తెల్లగుడ్డల మూటతో గేటు తోసుకుని వచ్చింది.

"పిల్ల తల కొలత ఇవ్వండమ్మా. ఈసారి నదిలో దిగే పిల్లలందరికీ తలగుడ్డ కట్టేస్తున్నాం. ఒక్క వెంట్రుకా బయటికి కనపడకూడదు."

మర్నాడు నది ఒడ్డున, ఒకేలాంటి తెల్లబట్టల్లో జోయెల్ ఎవరో ఎవరూ పోల్చుకోలేకపోయారు, వాసన పట్టి వెంట వచ్చిన పిల్లి తప్ప.