మూడో పిలుపు రద్దు

పద్దెనిమిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూలై ఒకటో తేదీ నుంచి ఈ డివిజనులో ఏ సాక్షీ భయపడరాదని మేజిస్ట్రేటు దొరవారు ఉత్తర్వు చేశారు. ఉత్తర్వును కచేరీ తలుపుకి అంటించారు. ఊరంతా దండోరా వేయించారు. దండోరా చప్పుడుకి ఆ రోజు వాయిదాకి వచ్చిన సాక్షులిద్దరు పారిపోయారు.

ఉత్తర్వు అమలు జరిపే భారం జగన్నాథరావు గారి మీద పడింది. సాక్షి సంరక్షణ సూపరింటెండెంటు అనే హోదా అంతకుముందు లేదు కాబట్టి ఆయనకన్నా అనుభవజ్ఞుడు ఎక్కడా దొరకలేదు. పైగా భయం సంగతి ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇరవై ఆరేళ్లు రికార్డు గదిలో పనిచేశారు. పాత దొర లోపలినుంచి "జగన్నాథరావ్" అని కేక వేస్తే, ఆ పేరు పూర్తయ్యేలోగా లేచి నిలబడేవారు. దొర పెన్షను పుచ్చుకుని ఇంగ్లండు సీమకి వెళ్లిపోయాడు. కేక మాత్రం వెళ్లలేదు. ఈనాటికీ భార్య మాణిక్యాంబ పెరట్లోంచి "ఏమండీ" అంటే ఆయన విస్తరి ముందునుంచి లేచి నిలబడతారు. ఆవిడ అన్నం మీద పళ్లెం బోర్లించి ఊరుకుంటుంది.

అందుచేత ఆయన ఎన్నో ఏళ్లుగా ఒంటరిగా ఆలోచించి తేల్చుకున్న సత్యం ఒకటుంది. మనిషి భయపడేది శిక్షకి కాదు, పిలుపుకి. ఆ మాటనే పదకొండు పేజీల మెమోరాండంగా రాసి మేజిస్ట్రేటు దొరకి సమర్పించారు. తర్వాత కచేరీ బంట్రోతు పోతురాజుని పిలిపించారు. పోతురాజు కచేరీ మెట్ల మీద నిలబడి సాక్షి పేరు పిలిస్తే నది మధ్యలో ఉన్న పడవ వెనక్కి తిరిగేది.

"పోతురాజూ, ఇకనుంచి రెండుసార్లే పిలవాలి. అదీ మెత్తగా."

"మూడుసార్లు పిలవాలని రూలు కదండి. మా నాన్న కూడా మూడుసార్లే పిలిచాడండి."

"మొదటి పిలుపు సమాచారం. రెండోది జ్ఞాపకం. మూడోది బెదిరింపు."

"మెత్తగా అంటే ఎంత మెత్తగానండి?"

"మీ ఆవిణ్ణి మంచినీళ్లడుగుతావు చూడు, అలాగ."

"మా ఇంట్లో అలాగడిగితే ఎవరూ ఇవ్వరండి," అన్నాడు పోతురాజు. అయినా వారం రోజులు రేవులో ఒంటరిగా నిలబడి సాధన చేశాడు.

మూడో పిలుపు రద్దు కాగితం మీద దొర ఆ రోజే సంతకం పెట్టాడు. రోజుకి అరగంట కలిసొస్తుందని ఆయన లెక్క.

తర్వాత గోదావరి గట్టు మీద సాక్షుల సౌఖ్యశాల వెలిసింది. కచేరీకి ఇరవై బారల దూరం. మూడువైపులా నిలువెత్తు వెదురు తడికలు. లోపల కూర్చున్న సాక్షికి ముద్దాయి కనపడడు, ప్లీడరు కనపడడు, పిలిచే బంట్రోతు కనపడడు, కచేరీ అసలే కనపడదు. నాలుగోవైపు నది కనపడుతుంది. నదిని చూస్తే మనసు నెమ్మదిస్తుందని మెమోరాండం తొమ్మిదో పేజీలో ఉంది. కలప, తాటాకు, వెదురు అన్నీ రేవుని వేలంలో పాడుకుని పడవలు నడిపిస్తున్న పాటదారు బంగార్రాజు గారు ఉదారంగా విరాళమిచ్చారు. సాక్షులకు సాయంత్రంపూట ఆత్రేయపురం పూతరేకులు కూడా ఆయన ఖర్చే. "సాక్షులంటే నాకు మొదటినుంచీ గౌరవమేనండి," అన్నారాయన.

మొట్టమొదటి సాక్షిగా గోదావరి మధ్య లంకలోంచి రత్తమ్మ వచ్చింది. చేపలు పట్టుకుని బతికే మనిషి. తనే ఫిర్యాదీ, తనే ఏకైక సాక్షి. భర్త సత్తియ్య మోకాలి చిప్ప పగిలి ఇంట్లో పడి ఉన్నాడు. వాళ్ల నావని ఎవరో గొడ్డలితో నరికారు, అడ్డం వచ్చినందుకు సత్తియ్యని కూడా. నావ పోయినా, కాలు పోయినా, చూసింది చూసినట్టు దొర ఎదట చెప్పకపోతే ఆ చేతులు రేపు ఇంకో నావ మీద పడతాయని ఆవిడ పట్టు. నాలుగు నెలలుగా ఒకే మాట నోట్లో పెట్టుకుని తిరుగుతోంది.

జగన్నాథరావు గారు ఆప్యాయంగా అడిగారు. "ఏమ్మా, భయంగా ఉందా?"

"దేనికండి?"

"కోర్టంటే."

"లేదండి బాబూ. బంగార్రాజు గారంటేనండి."

జగన్నాథరావు గారు ఒక్క క్షణం తాటాకు కప్పు వంక చూశారు. "అది మా పరిధిలోకి రాదమ్మా," అన్నారు. "మేం చూసేది కోర్టు భయం మటుకే."

"గొడ్డలి ఆరి చేతిలోనే ఉందండి. నేను కళ్లారా చూశాను."

"ఆ మాట ఇక్కడ అనకూడదు. కోర్టులో అనాలి. ఇక్కడ నువ్వు సౌఖ్యంగా ఉండాలి."

సౌఖ్యం కొలవడానికి హాస్పిటల్ అసిస్టెంటు జ్ఞానప్రకాశం గారు రోజూ వచ్చేవారు. నాడి ఎనభై దాటిన సాక్షిని కోర్టుకి పంపరాదని నిబంధన. మొదటిరోజు రత్తమ్మ నాడి డెబ్బై రెండు. "ఏం చూశావు?" అని అడిగేసరికి నూట పది. వాయిదా వేశారు. రెండోరోజు పులస సంగతి మాట్లాడించారు. డెబ్బై. సత్తియ్య కాలు ఎలా ఉందన్నారు. నూట పద్నాలుగు. మళ్లీ వాయిదా.

"ఈవిడకి కేసు ఒక్కటే పడటం లేదండి," అన్నారు జ్ఞానప్రకాశం గారు. "తక్కినదంతా బ్రహ్మాండంగా ఉంది."

మూడోరోజు కేసు ఊసే ఎత్తకుండా నాడి చూశారు. డెబ్బై రెండు. మర్నాడు కోర్టుకి పంపడానికి సర్టిఫికెట్టు రాసిచ్చారు.

ఆ సాయంత్రం జగన్నాథరావు గారు తడిక అవతలినుంచి ఆవిణ్ణి పూతరేకులకి పిలిచారు. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. లేదు. లోపలికి వెళ్లి చూస్తే రత్తమ్మ హాయిగా కూర్చుని ఉంది.

"వినపడలేదా?"

"వినపడిందండి. మనిషి కనపడకుండా పిలుపు వినపడితే మూడోసారిదాకా పలక్కూడదండి మాకు. గోదాట్లో పోయినోళ్లు ఒడ్డునున్నోళ్లని పిలుస్తుంటారు కదండి. ఆళ్లకి రెండుసార్లకే ఊపిరి సరిపోద్ది. పలికామా, లాక్కుపోతారు. మూడోసారి పిలిచారంటే మనిషేనండి."

పిలిచినా పలక్కుండా కూర్చోగలిగిన మనిషిని జగన్నాథరావు గారు జీవితంలో మొదటిసారి చూస్తున్నారు. తనకి కలిగింది అసూయ అని ఆయనకి తెలుసు, కాని రిపోర్టులో "సాక్షి నిబ్బరం ప్రశంసనీయం" అని రాశారు. అలా రాసిన ఆనందంలో ఇంకేమీ తోచలేదు.

మర్నాడు పదకొండు గంటలకి కేసు వచ్చింది. పోతురాజు తడిక దాకా వెళ్లి, అవతల నిలబడి, మంచినీళ్లడిగినంత మెత్తగా "రత్తమ్మా" అన్నాడు. కాసేపాగి మళ్లీ "రత్తమ్మా" అన్నాడు. వారం రోజుల సాధన వృథా పోలేదు. అంత మృదువైన పిలుపు ఆ కచేరీలో అంతకుముందు ఎవరూ వినలేదు.

ఫిర్యాదీ హాజరు కానందున కేసు కొట్టివేయడమైనదని దొర రాశాడు. బంగార్రాజు గారు నమస్కారం చేసి, సాయంత్రం సౌఖ్యశాలలో జరిగే సభకి పందిరి చూసుకోవాలని తొందరగా వెళ్లిపోయారు.

జగన్నాథరావు గారు పరుగున సౌఖ్యశాలకి వచ్చేసరికి రత్తమ్మ కొంగు నడుముకి బిగించి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, లేవడానికి సిద్ధంగా ఉంది.

"రెండయ్యాయండి," అంది. "ఇంకోటి పిలుస్తారా బాబూ?"

జగన్నాథరావు గారికి అప్పుడు తోచింది. చెప్పడానికి మాటలు కూడా దొరికాయి. అయితే ఆవిడ మొహం అంత సౌఖ్యంగా ఉండగా చెప్పడం సంస్థ ఆశయాలకి విరుద్ధమనిపించింది.

"పిలుస్తారమ్మా," అన్నారు.

నాలుగు గంటలకి దొర సౌఖ్యశాల తనిఖీకి వచ్చాడు. పక్క కుర్చీలో దాత బంగార్రాజు గారు, మెడలో దండ. సభ కాబట్టి పోతురాజుకి ఆ పూట పాత గొంతు వాడుకోవడానికి ప్రత్యేకంగా అనుమతించారు. లబ్ధి పొందిన సాక్షిని పిలవమన్నారు.

"రత్తమ్మో!"

అవతలి గట్టు మీది కొంగలు లేచిపోయాయి. రత్తమ్మ తడిక తోసుకుని బయటికి వచ్చింది. దొరని చూసింది. దండంపెట్టింది. నాలుగు నెలల మాట చెప్పేసింది.

"గొడ్డలి ఈ బంగార్రాజు గారి చేతిలో ఉందండి. నావ నరికింది ఈయనే. మా ఆయన కాలు నరికింది ఈయనే. నేను కళ్లారా చూశాను. గోదారి సాక్షి."

జ్ఞానప్రకాశం గారు అలవాటు కొద్దీ ముందుకి వచ్చి నాడి పట్టుకున్నారు. డెబ్బై రెండు.

"జగన్నాథరావ్," అన్నాడు తెలుగు రాని దొర. 'రావ్' ఇంకా గాలిలో ఉండగానే ఆయన లేచి నిలబడ్డారు. "ఏమంటోంది?"

"ఇక్కడ భయమన్నది లేదంటోందండి," అన్నారు జగన్నాథరావు గారు.

దొర చప్పట్లు కొట్టాడు. అందరికన్నా ముందుగా బంగార్రాజు గారు అందుకున్నారు.

"రాసుకున్నారాండి?" అంది రత్తమ్మ.

"రాశామమ్మా," అన్నారు జ్ఞానప్రకాశం గారు, డెబ్బై రెండు అంకె ఆరడానికి ఊదుతూ.

రత్తమ్మ మళ్లీ దండంపెట్టి మెట్లు దిగి పడవెక్కింది. సత్తియ్యకి చెప్పాలనే తొందర ఆవిడ వీపులోనే తెలుస్తోంది. పడవ బంగార్రాజు గారిదే. రేవులో వేరే పడవ లేదు.

జగన్నాథరావు గారు సభ మధ్యలో లేచి గట్టు అంచుకి నడిచారు. ఎందుకు లేచారో ఆయనకే తెలియదు. ఈసారి ఆయన్ని ఎవరూ పిలవలేదు.

"రత్తమ్మా," అన్నారు.

పడవ కదిలింది.

"రత్తమ్మా."

ఆవిడ వెనక్కి తిరగలేదు. ఎదట నీళ్ల వంక చూస్తూ కూర్చుంది.

పోతురాజు వెనకనుంచి వచ్చి నిలబడ్డాడు. "నేను పిలవమంటారాండి? ఇంకా అందుద్ది."

జగన్నాథరావు గారు నోరు తెరిచి, మూశారు.

"రెండు అయిపోయాయి కదా," అన్నారు.