పలకని పలకలు

ఆ రోజుకి స్విచ్ బాబాయి వేసుకున్న పథకంలో మూడే అంశాలు: పదకొండింటికి స్నానం, పదకొండున్నరకు ఇస్త్రీ చొక్కా, పన్నెండింటికి విజయం.

ఎక్కడ లైటు వెలుగుతున్నా ఆర్పేస్తాడని వీధి ఆయనకు ఆ పేరు పెట్టింది. మేడ మీద సోలార్ పలకలు పెట్టించాక సూర్యుడు ఆయనకు సొంత తమ్ముడైపోయాడు. కాలనీ మీటింగులో లేచి, "మిట్టమధ్యాహ్నం వచ్చి చూడండి. మా పలకలు రెండు కిలోవాట్లు ఇవ్వకపోతే నా పేరు మార్చుకుంటా!" అన్నాడు. అది మేం ఎప్పుడో మార్చేశాంగా అని వెనకనుంచి ఎవరో గొణిగారు. ప్రెసిడెంటుగారు పందెం ఖాయం చేశారు. రెండు దాటితే వీధంతా పలకలు. దాటకపోతే బాబాయి ఇక మీటింగుల్లో నోరెత్తకూడదు. ఆయనకు అన్నం లేకపోయినా ఓ పూట గడుస్తుంది గానీ, మీటింగులో మాట్లాడకపోతే గడవదు.

పందెం రోజు పొద్దున్నే భార్యకు, అత్తగారికి ఉత్తర్వులు వెళ్లాయి.

"దుప్పట్లు, కర్టెన్లు, సోఫా గుడ్డలు అన్నీ ఉతికేయండి. మెషీన్ మాత్రం ముట్టుకోవద్దు. ఇవాళ ఒక్క వాటు కూడా వృథా కాకూడదు."

"చేత్తో ఉతికి నా నెత్తిమీద ఆరేయనా? మేడ మీద తాళ్లు మీరే కోసిపారేశారుగా?"

"తాడు నీడ పలకల మీద పడుతోందే! ఎక్కడో బాగా ఎండున్న చోటు చూసి ఆరేయండి. ఎండకేం కరువు?"

పక్కనున్న అత్తగారు సరేనని తలూపారు. ఆవిడ తలూపారంటే పని అయిపోయినట్టే.

పదకొండున్నరకు బాబాయి ఫోను తీసి పలకలిస్తున్న కరెంటు అంకె చూశాడు. సున్నా పాయింటు రెండు! ఆకాశంలో మబ్బు తునక లేదు, పలకలు మాత్రం పలకడం లేదు. "ఇంట్లో ఎవరో కరెంటు తాగేస్తున్నారు!" అంటూ ఫ్యాన్లు ఆపాడు, టీవీ ప్లగ్గు పీకాడు, ఫ్రిజ్ ప్లగ్గూ పీకాడు. తయారయ్యే కరెంటు లెక్క వేరు, ఖర్చయ్యే కరెంటు లెక్క వేరు అని వీధికంతా పాఠం చెప్పిన మనిషికి ఆ కంగారులో అది గుర్తు రాలేదు.

"ఏవండీ, ఫ్రిజ్‌లో పాలు..."

"పాలు విరిగితే విరగనీ, ఇక్కడ పరువు విరుగుతోంది!"

అంకె కదల్లేదు. ఒళ్లు మండి మెయినే దించేశాడు. దాంతో వైఫై పోయింది. ఫోనులో ఉన్న ఆ కాస్త అంకె కూడా పోయింది.

కాలింగ్ బెల్లూ పోయింది. మోగని బెల్లు నొక్కుతూ పది నిమిషాలు గుమ్మం బయట నిలబడ్డ ప్రెసిడెంటుగారు, ఆయన భార్య సౌరశక్తిని పూర్తిగా వినియోగించుకుని లోపలికొచ్చారు. అందరూ మేడెక్కారు.

"ఏవయ్యా బాబాయీ, పలకలేవి?"

పలకల మీద దుప్పట్లు, కర్టెన్లు క్లిప్పులతో సహా ముచ్చటగా పరుచుకుని ఉన్నాయి. బాబాయి భార్య వైపు తిరిగాడు. అత్తగారే అందుకున్నారు.

"తాళ్లు అల్లుడుగారే కోశారు. మెషీన్ ఆయనే వద్దన్నారు. బాగా ఎండున్న చోట ఆరేయమన్నదీ ఆయనే. పొద్దస్తమానం ఎండ పడేది ఈ పలకల మీదేనని రోజూ చెప్పేది ఎవరమ్మా మరి?"

బాబాయిని ఉతికి ఆరేయడానికి ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకున్నారు. ఈలోగా ఆయన భార్య ఓ దుప్పటి అంచు పట్టుకు చూశారు.

"అమ్మో, అప్పుడే ఆరిపోయిందా పిన్నిగారూ?"

"అరగంట కూడా పట్టలేదమ్మా. ఏటవాలుగా ఉంటాయి కదా, నీళ్లు వాటంతటవే జారిపోతాయి."

"ఏవండీ! రేపే మనకీ వేయించండి."

ఆవిడ మాటకు ఎదురు చెప్పే అలవాటు ప్రెసిడెంటుగారికి లేదు. రెండు నెలల్లో వీధిలో పన్నెండు మేడల మీదికి పలకలెక్కాయి. మీటింగుల్లో బాబాయి గొంతు పదిలం.

కరెంటు మాత్రం ఆదివారాలే వస్తుంది. ఆ రోజు ఉతుకుడికి సెలవు.