తొమ్మిది మార్కుల పప్పు

ఉచిత సరుకులతో వండుకున్న తిండి రుచిగా ఉండటం పట్ల ప్రభుత్వానికి ఎలాంటి అభ్యంతరమూ లేదని, అయితే అది ఎంత రుచిగా ఉంటోందో తెలుసుకోవాల్సిన బాధ్యత మాత్రం తమ భుజాల మీద ఉందని ఆహార మంత్రిగారు ప్రకటించారు. ఆ సమావేశంలో నేను మంచినీళ్ళ బల్ల పక్కనే నిలబడి ఉన్నాను కనుక స్వయంగా విన్నాను. ఆహార శాఖలో పద్దెనిమిదేళ్ళుగా గుమాస్తాగిరీ వెలగబెడుతున్నాను. ఇంత సూక్ష్మమైన ఆలోచన మా శాఖలో పుట్టగా నేనెరుగను.

దీనికి మూలపురుషుడు ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు. ఆయన రోజూ పొద్దున్నే ఆరోగ్యం కోసం నడుస్తారు. ఒకరోజు ఇస్త్రీ బళ్ళ సందులోంచి వెళ్తుంటే వెల్లుల్లి వేగుతున్న వాసన తగిలిందట. ఆగి, అటూ ఇటూ చూసి, అది ఉచిత సరుకుల కార్డున్న ఇంట్లోంచే వస్తోందని రూఢి చేసుకుని, ఇంటికెళ్ళి పత్రికకి ఉత్తరం రాశారు. "నేను నలభై ఏళ్ళు పన్నులు కట్టాను. డాక్టరు చెప్పాడని మా ఇంట్లో ఉప్పూ నూనే లేని కూర తింటున్నాను. నా డబ్బుతో వాళ్ళు వెల్లుల్లి వేయించుకోవడం ఏం న్యాయం?"

ఉత్తరం అచ్చయిన రోజు ఊరు అట్టుడికిపోయింది. బస్సులో నా పక్కన కూర్చున్నాయన, "ఇచ్చింది తింటారు, సరే. ఇష్టంగా తినడం ఏమిటండీ?" అని నన్నే నిలదీశాడు. ఆలోచిస్తే నాకూ నిజమేననిపించింది.

వారం తిరక్కుండా రుచి పరిశీలన సంఘం ఏర్పాటైంది. అధ్యక్షులు మా జాయింట్ డైరెక్టరుగారు. పౌర సభ్యులుగా మేనేజరుగారు. పార్టీ తరఫున ఒక కార్యకర్త. ఈయన అర్హత ఏమిటని ఎవరూ అడగలేదు. ఆయన పొట్ట చూశాక అడగాల్సిన అవసరమూ కలగలేదు. జీపు డ్రైవరు నాలుగోవాడు, రాసుకోడానికి నేను ఐదోవాణ్ణి. తలా ఒక స్టీలు చెంచా, దాని మీద నంబరు చెక్కించి, సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చారు. నిబంధన చాలా తేలిక. పదికి నాలుగు మార్కుల లోపు రుచి ఉంటే ఆ ఇంటివాళ్ళు నిజమైన పేదలు. నాలుగు దాటితే విచారణ.

మొదటి ఇల్లు, వాసన వచ్చిన ఇల్లే. ఆ ఇస్త్రీ ఆవిడ నాకు కొత్తేం కాదు. ఎనిమిదేళ్ళుగా నా చొక్కాలు ఆవిడ చేతిలోనే మడత పడుతున్నాయి. నన్ను అన్నయ్యా అంటుంది. భర్త పోయాడు, ముసలి అత్తగారు, మూడో తరగతి చదివే కూతురు. నెలకి పన్నెండు కిలోల బియ్యం, రెండు కిలోల పప్పు, లీటరు నూనె వస్తాయి. అవి ఆగిపోతే ఆ ఇంట్లో బొగ్గుల ఇస్త్రీ పెట్టె తప్ప ఇంకేదీ వెలగదని నాకు తెలుసు.

"మామూలుగా వండండమ్మా. మేం లేనట్టే అనుకోండి," అన్నారు జాయింట్ డైరెక్టరుగారు.

ఉన్నది ఒక్క గది. ఐదుగురం లోపల కూర్చున్నాక, మేం లేనట్టు అనుకోడానికి చోటు చాలక అత్తగారు గుమ్మం బయటికి వెళ్ళి కూర్చుంది. ఇస్త్రీ ఆవిడ బియ్యం పొయ్యి మీద పెట్టింది. పప్పు ఉడికాక నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి, చెంచాడు నూనెలో వేయించి అందులో వేసింది. మేనేజరుగారు కళ్ళు మూసుకుని, "ఇదే వాసన. గుర్తుపట్టాను," అన్నారు, దొంగని చూపించే సాక్షిలాగా.

తలా ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాం.

"ఒక చెంచాతో తేలే విషయం కాదు," అన్నారు జాయింట్ డైరెక్టరుగారు.

"కంచంలో పెట్టించుకుంటే సగటు తెలుస్తుంది సార్," అన్నాడు కార్యకర్త. ఆయనకి గణితంలో ఇంత ప్రవేశం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

గిన్నె అడుగు కనపడేసరికి సగటు తొమ్మిది తేలింది. "తొమ్మిదా, ఘోరం," అన్నారు మేనేజరుగారు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకొంచెం ఉందా అమ్మా?" అన్నారు.

జీపు ఎక్కబోతుంటే ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. "తొమ్మిదంటే మంచిదేనా అన్నయ్యా?"

"మంచిది కాదు చెల్లెమ్మా. నాలుగు లోపు రావాలి. లేకపోతే కార్డుకే ఎసరు."

"మా పిల్లకి బళ్ళో నాలుగొస్తే వీపు చీరేస్తున్నానే," అంది ఆవిడ దిగాలుగా.

ఒక్కరోజు రుచి శాస్త్రీయం కాదు కనుక శాంపిల్ సైజు పెంచి పది రోజులు చేశారు. రెండో రోజు ఆవిడ, పాపం, నానా తంటాలూ పడి పప్పు మాడ్చింది, ఉప్పు దోసెడు పోసింది. ఆ ఉప్పు పక్కింట్లో అడిగి తెచ్చుకుందని తర్వాత తెలిసింది. కార్యకర్త మొహం మాడిపోయింది. జాయింట్ డైరెక్టరుగారు ఆఫీసుకి రాగానే నా చేత మెమో రాయించారు. పరిశీలన కాలంలో వంటను ఉద్దేశపూర్వకంగా పాడుచేయడం సాక్ష్యాలను తారుమారు చేయడం కిందికి వస్తుందనీ, ఇకమీదట మొదటి రోజు రుచినే యథాతథంగా కొనసాగించవలెననీ దాని సారాంశం. ముద్ర వేసి నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను.

చదివి వినిపించాక అత్తగారు నావంక చూసింది. "బాగా వండితే తప్పు, వండకపోతే తప్పు. ఎట్లా ఏడవమంటావు నాయనా?"

అది మెమోలో లేని విషయం కనుక నేను ముద్ర ఉన్న చోటు చూపించి వచ్చేశాను.

మూడో రోజు నుంచి వెల్లుల్లి మళ్ళీ చిటపటలాడింది. మా సంఘం పనిచేసిన తీరు చూసి తీరాల్సిందే. జాయింట్ డైరెక్టరుగారు రెండు మీటింగులు వాయిదా వేసుకుని మరీ వచ్చేవారు. మేనేజరుగారు పొద్దున నడక మానేసి, చెయ్యి తుడుచుకునే తువ్వాలుతో సహా సరిగ్గా మధ్యాహ్నం పన్నెండున్నరకి సందు మొదట్లో నిలబడేవారు. కార్యకర్త ఇద్దరు పరిశీలకుల్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళకి చెంచాలు లేవు కనుక చేత్తోనే పరిశీలించారు. బడి నుంచి వచ్చిన పిల్ల తన కంచం పట్టుకుని గుమ్మం పక్కన నిలబడేది. మేం చేతులు కడుక్కున్నాక లోపలికి వెళ్ళి గిన్నెలో నీళ్ళు పోసి, కలిపి, కంచంలోకి వంచుకునేది. నేను చూశాను. నా ఫారంలో దానికి గడి లేదు.

పదకొండో రోజు నిల్వ తనిఖీ. జాయింట్ డైరెక్టరుగారు బియ్యం సంచీ తలకిందులు చేసి దులిపారు. పప్పు డబ్బాలో తల దూర్చి చూశారు. నూనె సీసా వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"పన్నెండు కిలోలు. ముగ్గురు మనుషులు, అందులో ఒకరు ముసలావిడ, ఒకరు చిన్నపిల్ల. పది రోజుల్లో ఖాళీ," అన్నారు గంభీరంగా.

"బజార్లో అమ్ముకుని ఉంటారు. నేను ముందే చెప్పాను," అన్నారు మేనేజరుగారు.

"మీరే కదండీ తిన్నారు," అంది ఆవిడ.

జాయింట్ డైరెక్టరుగారు చాలా ఓపికమంతులు. చదువులేని మనిషికి చెప్పినట్టు నిదానంగా చెప్పారు. "అమ్మా, మేం తిన్నది శాంపిల్. సరుకు ఏమైందని అడుగుతున్నాం."

ఆవిడ నావైపు తిరిగింది. "అన్నయ్యా, నువ్వు చెప్పు. రోజూ రాసుకున్నావు కదా."

రాసుకున్నమాట నిజమే. కానీ నా పుస్తకంలో రుచి ఎంతో ఉంది తప్ప తిన్నది ఎంతో లేదు. ఆ మాటే చెప్పాను. ముందురోజు నేను రెండోసారి వడ్డించుకున్న సంగతి కూడా పుస్తకంలో లేదు కనుక చెప్పలేదు.

కార్డు రద్దయింది. పై నెల మొదటి వారంలో ఆ ఉత్తర్వు ఇవ్వడానికి వెళ్ళాను. ఆవిడ చెయ్యి చాపింది. ఉత్తర్వు తీసుకుని, ఇస్త్రీ బల్ల మీద మడతలు సాపుచేసి, గోడకి తగిలించిన తీగకి గుచ్చింది. పొయ్యి మీద గిన్నెలో ఏదో కాగుతోంది. డ్యూటీ డ్యూటీయే కనుక జేబులోంచి ఐదో నంబరు చెంచా తీసి చవి చూశాను. నీళ్ళు, ఉప్పు, గుప్పెడు పిండి. మనస్సాక్షికి విరుద్ధంగా పోలేక ఒక్క మార్కు వేశాను.

నా ఫారం చూసి జాయింట్ డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ సాయంత్రమే మంత్రిగారు విలేకర్లని పిలిచారు. "ఒక్క నెలలో రుచిని తొమ్మిది నుంచి ఒకటికి తీసుకొచ్చాం. ఈ ఇల్లు ఇవాళ మా పథకానికి నూటికి నూరుపాళ్ళూ అర్హత సాధించింది," అన్నారు. చప్పట్లు మోగాయి. కార్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మళ్ళీ మంచినీళ్ళ బల్ల పక్కనే ఉన్నాను, కానీ నన్నెవరూ అడగలేదు.

మరో పది రోజులకి మేనేజరుగారి రెండో ఉత్తరం అచ్చయింది. "నేను మళ్ళీ పొద్దున నడక మొదలుపెట్టాను. ఇస్త్రీ బళ్ళ సందులో ఇప్పుడు ఏ వాసనా రావడం లేదు. ఈ పేదలకి వండుకోవడానికి కూడా బద్ధకమేనా?"

ఊరు మళ్ళీ అట్టుడికిపోయింది. బస్సులో ఆయనే మళ్ళీ నా పక్కన కూర్చుని, "చూశారా," అన్నాడు. పేదలు ఎందుకు వండుకోవడం లేదో తేల్చడానికి మంత్రిగారు వెంటనే సర్వే ప్రకటించారు. అనుభవం ఉన్నవాణ్ణి కనుక పని నాకే అప్పగించారు.

నేను వెళ్ళేసరికి ఆవిడ ఎవరివో తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిల్ల నా జేబులో చెంచా చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే లేచి, కంచం తీసుకుని, గుమ్మం పక్కకి వెళ్ళి నిలబడింది.

ఫారంలో ప్రశ్న ఒక్కటే: వండకపోవడానికి కారణం. కింద మూడు గడులు. సోమరితనం, వంట రాకపోవడం, ఆకలి లేకపోవడం.

"ఏది పెట్టమంటావు చెల్లెమ్మా?" అని అడిగాను.

ఆవిడ ఇస్త్రీ పెట్టె ఎత్తి పక్కన పెట్టి, చొక్కా తిరగేసి, మళ్ళీ పెట్టె అందుకుంది. అప్పుడు చూశాను, ఆ చొక్కా నాదే.

మొదటి రెండూ పెడితే ఆవిడకి అవమానం. ఎనిమిదేళ్ళ పరిచయం. అందుకని మూడోదానికి టిక్కు పెట్టాను.