చౌడమ్మ ఇంటి గుంత

ఆ రోజు మార్చి ముప్పయ్యొకటి. హరినాథ్ పొద్దున్నే వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కాలనీకి పోయి ఒక్క ఫోటో తీయాలి. పదింటికి బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తినాలి. పదకొండు గంటల బస్సులో భార్య ప్రణీతతో కలిసి నందికొట్కూరులో బామ్మర్ది గృహప్రవేశం భోజనానికి చేరాలి. విస్తట్లో ఓళిగలు ఉంటాయని ముందురోజే కబురు అందింది.

హరినాథ్ వార్డు సచివాలయంలో ఇళ్ళ పనులు చూసే సెక్రటరీ. ఊరి పేరెందుకులెండి. మున్సిపాలిటీ ఉంది, మగ్గాలు ఉన్నాయి, కొళాయి నీళ్ళు మూడు రోజులకోసారి వస్తాయి. కర్నూలు జిల్లా వాళ్ళు పోల్చుకోగలరు. ఆ ఊళ్ళో సొంత ఇల్లు లేని నేతగాళ్ళకు ఆలూరు దారిలో అరవై నాలుగు స్థలాలు కేటాయించారు. ఇల్లు కట్టే డబ్బు ఢిల్లీ నుంచి వస్తుంది. అది ఊరికే రాదు. పునాదికి ఒక ఫోటో, గోడలకు ఒక ఫోటో, కప్పుకు ఒక ఫోటో సెక్రటరీ ఫోనులోని యాప్‌లో ఎక్కితేనే ఒక్కో విడత కదులుతుంది. మార్చి ఆఖరు సాయంత్రానికి ఏ ఫోటో ఎక్కని ఇల్లు రద్దవుతుంది, దాని డబ్బు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. అరవై మూడు ఇళ్ళ ఫోటోలు ఎక్కాయి. మిగిలింది పుల్లన్న, చౌడమ్మల ఇల్లు ఒక్కటే.

దాని గురించి కూడా హరినాథ్‌కు దిగులు లేదు. "పని మొదలయిందా?" అని ముందురోజు ఫోను చేస్తే, "మొదలయింది సారూ, తవ్వేది కూడా అయిపోయె" అని పుల్లన్న ధైర్యంగా చెప్పాడు. తవ్వడం అయిందంటే పునాదే కదా అనుకున్నాడు హరినాథ్. లోకంలో ఎవరైనా అలాగే అనుకుంటారు, నేతగాళ్ళు తప్ప.

స్థలంలో పునాది లేదు. నాలుగు మూలలా నేల ఎలా ఉన్నది అలాగే ఉంది. సరిగ్గా నడిమధ్యన నడుము లోతు గుంత ఒకటి, దాని మీద మగ్గం, మగ్గం మీద నీలం రంగు పట్ట. గుంతలోకి కాళ్ళు వేలాడేసుకుని, పలకలు తొక్కుతూ, పుల్లన్న హాయిగా చీర నేస్తున్నాడు.

"పునాది యాడ పుల్లన్నా?" అన్నాడు హరినాథ్.

"మగ్గం పెట్టకుండా పునాది యెట్ల తీస్తారు సారూ? ముందు గుంత. గుంతను బట్టి మగ్గం. మగ్గాన్ని బట్టి గోడలు. మా నాయన కూడా అట్లనే కట్టె."

"మీ నాయనకు ఢిల్లీ నుంచి దుడ్లు రాలేదు కదప్పా! సాయంత్రంలోగా పునాది ఫోటో పెట్టకుంటే ఇల్లు పోతాది!"

పొయ్యి దగ్గరున్న చౌడమ్మ లేచి వచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి, గొంతు మాత్రం నాలుగు వీధులకు సరిపోయేది. ఆ పూట ఆ గొంతు కూడా సన్నబడింది.

"పదమూడేండ్లలో ఏడు బాడుగిండ్లు మారితిమి సారూ. ఇంట్లో గుంత తవ్వుతామంటే ఎవురూ ఇల్లియ్యరు. చెప్పకుండా తవ్వితే సామాన్లు బయటేస్తారు. గుంత ల్యాకుంటే మగ్గం ల్యా, మగ్గం ల్యాకుంటే బాడుగ కట్టేది ల్యా. మన జాగా అని చౌడేశ్వరమ్మను తల్చుకోని మొన్న మంగళవారం గుంత తీస్తిమి. ఇది కూడా పోతే ఇంగ మేము యాడికి పోవాల?"

హరినాథ్ మనసు చివుక్కుమంది. సాయంత్రంలోగా పునాది తీయించడం ఎవరి తరమూ కాదు. కానీ తనకు తోచని ఉపాయం లోకంలో లేదని అతనికి గట్టి నమ్మకం. ఫోను తీసి యాప్ తెరిచాడు. అందులో నాలుగే గళ్ళు: పునాది, గోడలు, కప్పు, మరుగుదొడ్డి గుంత. నాలుగోది ఎప్పుడు ఎక్కించినా యాప్ అడ్డు చెప్పదు. పైగా గుంతయితే కళ్ళ ముందే ఉంది. పుల్లన్నను కాసేపు లేవమని, మగ్గం కనపడకుండా కిందికి వంగి గుంతను మాత్రం ఫోటో తీసి, నాలుగో గడి మీద వేలు నొక్కాడు.

పచ్చరంగు టిక్కు పడింది. 'పని ప్రారంభమైంది' అని కూడా వచ్చింది.

"అయిపాయనా సారూ?"

"అయిపోయింది. ఇల్లు నీదే చౌడమ్మా. వారంలో పునాది తీయండి" అన్నాడు హరినాథ్. తను నొక్కిన గడి పేరు మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ కనపడలేదు.

బస్టాండు దగ్గర రెండో బజ్జీ కొరుకుతుండగా కమిషనర్ రంగస్వామి ఫోను వచ్చింది.

"ఏమయ్యా హరినాథ్, యాడుండావు?"

"బస్టాండులో సార్. ఆఫ్ డే లీవు..."

"బస్సెక్కొద్దు! రాష్ట్రం మొత్తం మీద పునాది కంటే ముందు మరుగుదొడ్డి గుంత తవ్వించిన సెక్రటరీ నువ్వొక్కడివేనంట. అందరూ ఇల్లు కట్టి ఆఖర్న ఎగ్గొట్టేది మరుగుదొడ్డే కదా! కంప్యూటర్లో మన మున్సిపాలిటీ పేరు అన్నిటికన్నా పైనుండాది. ఈ ఇళ్ళ పథకం చూసే ఢిల్లీ మేడం కర్నూల్లో మీటింగుకు వచ్చింది, ఆ గుంత చూసి పోతానంటాంది. మూడింటికి నువ్వు కాలనీలో ఉండాల!"

సగం కొరికిన బజ్జీ కాగితంలోనే ఉండిపోయింది. ప్రణీత ఒక్కతే బస్సెక్కింది. కిటికీలోంచి అతణ్ణి చూసిన చూపులో, మీ ఆఫీసు వాళ్ళ ఇల్లు మా తమ్ముడి ఇంటికన్నా ఎక్కువా అనే ప్రశ్న స్పష్టంగా ఉంది.

హరినాథ్ మోటారుసైకిలు మీద కాలనీకి పరుగెత్తాడు.

"పుల్లన్నా, ఒక్క గంట మగ్గం తీసి పక్కన పెట్టప్పా."

"పడుగు ఎక్కించినాం సారూ! ఇప్పుడు తీస్తే మూడు చీరల పోగులు చిక్కు పడతాయి. నేను తీయనంటే తీయను."

మగ్గం కదలదు కాబట్టి దాచాలి. చుట్టూ నాలుగు గుంజలు పాతించి నాలుగు పాత చీరలు కట్టించాడు. కట్టాక చూస్తే అచ్చం మరుగుదొడ్డి మాదిరే ఉంది. హరినాథ్‌కు ప్రాణం లేచి వచ్చింది. టీ తాగి రమ్మని పుల్లన్నను పంపేశాడు. ఢిల్లీ మేడం వస్తే తనకు వచ్చిన కర్నూలు ఉర్దూ సరిపోతుందని ధైర్యం చెప్పుకున్నాడు. అది చిన్నప్పుడు పక్కింటి వాళ్ళ దగ్గర గాలిపటాలు ఎగరేస్తూ నేర్చుకున్న భాష.

ఈలోగా చౌడమ్మకు ఒక్క సంగతి అర్థమైంది. ఎక్కడో ఢిల్లీలో ఉండే ఆడమనిషి పనిగట్టుకుని తన మగ్గం గుంత చూడటానికి వస్తోంది. పదమూడేళ్ళలో ఏ ఇంటి యజమానీ ఆ గుంతను మంచి కళ్ళతో చూడలేదు. ఆమె పరదా ముందు పేడనీళ్ళు చల్లింది, ముగ్గు పెట్టింది, గుంజలకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది, మామిడాకులు కట్టింది. టెంకాయ కూడా తెచ్చి పెట్టుకుంది. హరినాథ్ చూసేసరికి అంతా అయిపోయింది, చెరిపే ధైర్యం ఎవరికీ లేదు.

సరిగ్గా మూడింటికి మూడు కార్లు వచ్చాయి. మేడం దిగింది, వెనక కమిషనర్ దిగాడు. మేడం రెండడుగులు వేసిందో లేదో చౌడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పులు ఈడ్నే ఇడ్సల్ల తల్లీ. అది మాకు అన్నం పెట్టే గుంత. చెప్పులతో పోతే అమ్మవారు ఊరుకోదు."

ఏమంటోందని మేడం అడిగింది. ఆ చోటికి చెప్పులతో పోరు, అంత శుభ్రంగా చూసుకుంటారని హరినాథ్ అర్థం చెప్పాడు. మేడం పసుపు గుంజల వంకా మామిడాకుల వంకా చూసి నోరు తెరిచింది. పాతికేళ్ళ ఉద్యోగంలో మరుగుదొడ్డికి ఇంత గౌరవం ఇచ్చిన కుటుంబాన్ని ఆమె చూడలేదు. వంగి చెప్పులు విప్పింది. చేసేది లేక కమిషనర్ కూడా బూట్లు విప్పాడు. ఎండకు కాలిన నేల మీద ఒక కాలి మీద ఒకసారి, రెండో కాలి మీద ఒకసారి నిలబడ్డాడు.

ఇంట్లో వాళ్ళందరూ వాడతారా అని మేడం అడిగింది. హరినాథ్ దాన్ని తెలుగులో చెప్పాడు.

"నేనూ మా ఆయనా మార్చి మార్చి కూచుంటాము. ఆరింటికి కూచుంటే పొద్దు గుంకేదాక లేచేదుండదు" అంది చౌడమ్మ గర్వంగా.

"ఉదయం, సాయంత్రం" అని హరినాథ్ ఉర్దూలో కుదించాడు.

అప్పుడే పరదా లోపల నుంచి టకటకమని శబ్దం మొదలయింది. హరినాథ్ గట్టిగా దగ్గాడు. పుల్లన్న టీ తాగి వెనక దారిన లోపలికి చేరాడు. సాయంత్రానికి చీర ఇచ్చి తీరాలి, ఢిల్లీ వస్తే మాత్రం పోగుల మధ్య పరుగెత్తే నాడె ఆగుతుందా?

"లోపల ఎవరున్నారు?" అన్నాడు కమిషనర్.

"మా ఆయన" అంది చౌడమ్మ. "పొద్దున కూచున్న మనిషి. కొంచేపు బయటికి పోయొచ్చి మళ్ళా కూచునె. పిల్చేదా?"

హరినాథ్ చెప్పేలోపే మేడంకు చాలావరకు అర్థమైపోయింది. ఆమె రెండు చేతులూ ఊపుతూ నాలుగడుగులు వెనక్కి వేసింది. వద్దు వద్దు, పాపం ఆయన్ని కదిలించొద్దు అంది. టకటకలు ఇంకా జోరందుకున్నాయి. ఆ శబ్దమేమిటని ఆమె అడగలేదు. మర్యాద తెలిసిన మనుషులు అడగరు.

వెళ్ళబోతూ, మీకేం కావాలో అడగమని మేడం అంది. చౌడమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకేమొద్దు తల్లీ. ఈ కాలనీలో ఇంటింటికీ ఇట్లాంటి గుంత ఒకటి ఇప్పియ్యండి. బాడుగిండ్లల్లో ఎవురూ తవ్వనియ్యరు. గుంత తవ్వినామని మమ్మల్ని ఏడుసార్లు రోడ్డున పడేసిరి."

ఈ మాటల్లో హరినాథ్ ఒక్క ముక్క కూడా మార్చలేదు, మార్చాలనిపించలేదు. మేడం చౌడమ్మ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చౌడమ్మ కళ్ళ తడి చూసి హరినాథ్‌కు మొదటిసారి తన తెలివి మీద తనకే చిరాకు వేసింది.

పదిహేను రోజులకు ఆర్డరు వచ్చింది. అరవై నాలుగు ఇళ్ళలోనూ ఇంటి నడిమధ్య, చౌడమ్మ గుంత కొలతలతోనే, మిగతా పనులకన్నా ముందు మరుగుదొడ్డి గుంత తవ్వాలి. అందుకు ఇంటి డబ్బు కాకుండా విడిగా నిధులు మంజూరు. మేడం తీయించుకుపోయిన పరదా ఫోటోను ఢిల్లీలో పెద్ద తెర మీద వేసి చూపించారట. ఎవరు తవ్వుకున్న గోతిలో వాళ్ళే పడతారని పెద్దలు చెప్పిన మాట హరినాథ్‌కు ఆ రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. ఇప్పుడు తన గోతిలోకి అరవై నాలుగు కుటుంబాలను దించుతున్నాడు. మర్నాడు కమిషనర్ గదికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

రంగస్వామి మాట్లాడేలోపే తలుపు ధడాలున తెరుచుకుంది. చేతిలో ఆర్డరు కాపీతో చౌడమ్మ. కాలనీలో చదువుకున్న పిల్ల శివాని దాన్ని ఆమెకు చదివి వినిపించింది.

"నా గుంతను దొడ్డి గుంతని రాస్తివంట కదప్పా!" అంది. ఈసారి గొంతు నాలుగు వీధులకూ వినిపించింది. "పసుపు కుంకుమ పెట్టిన గుంతనా? చౌడేశ్వరమ్మ గుంతనా?"

"తప్పయింది చౌడమ్మా" అన్నాడు హరినాథ్ తల వంచుకుని. "ఆ పూట నీ ఇల్లు నిలబెట్టను నాకు ఇంకో దారి కనపళ్ళేదు."

కమిషనర్ లేచి బీరువాలోంచి ఒక పాత ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇంట్లో మగ్గం గుంతకు నిధులివ్వమని నేతగాళ్ళు పదకొండేళ్ళుగా పెట్టుకున్న అర్జీలు. ప్రతి దాని కిందా 'నిధులు లేవు' అనే మాట. ఆఖరి మూడింటి మీద సంతకం ఆయనదే.

"మగ్గానికి ఏనాడూ పైసా రాలేదమ్మా" అన్నాడు. "మరుగుదొడ్డికి అడక్కుండానే వచ్చె. పొరపాటయిందని నేను ఢిల్లీకి రాయగలను. రాస్తే ఈ అరవై నాలుగు గుంతలూ పోతాయి. నీ ఇల్లు కూడా వెనక్కి పోతాది. రాయమంటావా, వద్దంటావా? నువ్వే చెప్పు."

చౌడమ్మ ఆ ఫైలు వంక చూసింది. అందులో తొమ్మిదో అర్జీ మీద ఆమె వేలిముద్ర కూడా ఉంది.

"రాసేది మీరు, నేసేది మేము" అంది చివరకు. "మీ రాత మీ కంప్యూటర్లో ఉండనీ, నా గుంత నా ఇంట్లో ఉంటాది. అయితే ఒగటి. అమ్మవారి గుంతకు ఆ పేరు పెట్టినందుకు ఈయప్ప వచ్చి టెంకాయ కొట్టాల."

"తప్పకుండా కొడతా" అన్నాడు హరినాథ్, ఇంత తేలిగ్గా తేలిపోయిందే అని పొంగిపోతూ.

"అరవై నాలుగింటికీ" అంది చౌడమ్మ.

కొట్టాడు. రెండు రోజులు పట్టింది, అరచెయ్యి బొబ్బలెక్కింది. ఆ తర్వాత నెల తిరక్కుండా గుంతల మీద మగ్గాలు లేచాయి, మగ్గాల చుట్టూ గోడలు లేచాయి. అసలు మరుగుదొడ్డి ప్రతి పెరట్లోనూ కట్టించాడు హరినాథ్. రికార్డుల్లో దాని పేరు స్టోరు రూము. కొత్త ఇంట్లో నేసిన మొదటి చీరను చౌడమ్మ తీసుకుపోయి ప్రణీత చేతిలో పెట్టింది. నందికొట్కూరు ఓళిగల గొడవ ఆ రోజుతో తీరింది.

మొన్న ఢిల్లీ వాళ్ళు దేశమంతా మరుగుదొడ్ల వాడకం మీద సర్వే చేయించారు. ఇంటి నడిమధ్యనున్న గుంతలో రోజుకు ఎంతసేపు కూర్చుంటారని కాలనీలో ఇంటింటికీ తిరిగి అడిగారు. నేతగాళ్ళు అబద్ధమాడే మనుషులు కారు, ఉన్నదే చెప్పారు. సగటున తొమ్మిది గంటలు తేలింది.

వచ్చే సోమవారం కాలనీకి కేంద్ర నిధులతో ఉచిత ఉదర వ్యాధుల శిబిరం మంజూరయింది.