పొర్లిపారినా ఆపకు

వీధంతా నర్సమ్మ అని పిలిచే ఆ విశ్రాంత నర్సుకు ఆ ఉదయం ఒకటే సంకల్పం: మొదలుపెట్టిన ప్రార్థనను ‘ఆమేన్’ దాకా చేర్చడం. కొన్నాళ్ళుగా అది ఒడ్డు చేరడం లేదు. కళ్ళు మూస్తే పొయ్యి మీది పాలు గుర్తొచ్చేవి. పాల దగ్గరికి వెళితే ప్రార్థన మరుపున పడేది. అయినా మర్నాడు మళ్ళీ మోకరించేది. ఓడిపోవడం అలవాటైంది గాని, మానుకోవడం ఆమెకు చేతకాలేదు.

"ఇవాళ ఆకాశం విరిగిపడ్డా ఆమేన్ అనకుండా లేవను. మధ్యలో పలకరించావో, చూసుకో!" అని కొడుకును హెచ్చరించి తెర వేసుకుంది.

కొడుకు గుమస్తా. చెప్పింది చెప్పినట్టు చేయడం అతని వృత్తి. ఎందుకని అడగకపోవడం ప్రవృత్తి. పైగా తల్లి అతణ్ణి ముద్దుగా ‘తండ్రీ’ అని పిలుస్తుంది. అనర్థానికి ఇంతకన్నా కారణాలు అక్కరలేదు.

"తండ్రీ, లోపలి చెత్తంతా తీసి పారెయ్యి" అని తెర వెనుక నుంచి వినిపించింది. పలకరించరాదు కనుక, అతడు మాట్లాడకుండా చెత్తబుట్ట ఖాళీ చేసి వచ్చాడు.

"తలుపు తెరిచిపెట్టు తండ్రీ. ఎవరొచ్చినా కాదనకు."

మేడమెట్ల వైపు తలుపు బార్లా తెరిచాడు.

"నింపు తండ్రీ! పొర్లిపారినా ఆపకు!"

ఇంట్లో నింపదగినది స్నానాల గదిలోని తొట్టి. కుళాయి తిప్పి, పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తొట్టి నిండింది, పొర్లింది, గడప దాటింది. మోకాళ్ళకు చల్లగా తగిలేసరికి నర్సమ్మ కళ్ళు మరింత బిగించింది. "సైతాను శోధన! కదిలేది లేదు."

అంతలో కింది వాటా దర్జీ తడిసిన కోటు భుజాన వేసుకుని, తెరిచిన తలుపులోంచి దూసుకొచ్చాడు. "అమ్మగారూ, కాపురం చేస్తున్నారా, చేపలు పెంచుతున్నారా? నా బల్ల మీద వాన కురుస్తోంది!"

ఆమె కళ్ళు తెరిచింది. కొడుకు కుళాయి కట్టేశాడు.

"ఇవాళా పోయిందిరా" అంది నర్సమ్మ. "ఎందాకా వచ్చానో కూడా గుర్తులేదు."

"పోలేదమ్మా. చెత్త తీయించావు, తలుపు తెరిపించావు. పొర్లిపారినా ఆపొద్దన్నావు. అక్కడున్నాం."

"ఒరేయ్, నేనడిగింది నిన్నా? దేవుణ్ణిరా!"

"తండ్రీ అంటే నేనే అనుకున్నా."

దర్జీకి కోపం నిలవలేదు. నవ్వుతూ తలుపుకు చేరగిలబడ్డాడు. నర్సమ్మ మాత్రం నవ్వలేదు. తెగిన ప్రార్థనకు దారం దొరికింది. ఆ నీళ్ళలోనే మళ్ళీ మోకరించింది.

"నింపావు తండ్రీ. కింది వాటాదాకా పారింది. వాళ్ళ నష్టం నేను తీరుస్తాను, నువ్వు నన్ను క్షమించు. ఆమేన్."

"ఆమేన్" అన్నాడు కొడుకు. తడి కోటు దించి దర్జీ కూడా "ఆమేన్" అన్నాడు.

కొంగు పిండుకుంటూ ఆమె లేచిన తీరు, కష్టమైన కాన్పు గట్టెక్కించి గది బయటికి వచ్చే నర్సు తీరు.

ఆమేన్ ముగ్గురూ అన్నారు. నీళ్ళు ఎత్తిపోసింది మాత్రం కొడుకొక్కడే.