కట్టడివాడి గడులు

ఆఫీసులో ఆమెను అందరూ రూళ్ళకర్ర అంటారు. బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ ఆడే ఓ యుద్ధపు ఆటకు నియమాలు రాయడం ఆమె ఉద్యోగం. ఏ నియమాన్నీ వంకర పోనివ్వదని ఆ పేరు పెట్టారు. ఆ ఉదయం ఆమె అనుకున్నది చాలా చిన్న పని: కాఫీ తాగి, కొత్త పాత్రను ఒకసారి పరీక్షించి, మధ్యాహ్నానికల్లా మేనేజరుకు పంపేయడం.

ఆ పాత్ర పేరు కట్టడివాడు. కత్తి దూయడు, మంత్రం చదవడు. యుద్ధంలో శత్రువు ఎక్కడ నిలబడాలో, ఎటు నడవకూడదో మాత్రం వాడే తేలుస్తాడు. ఆమె మూడుసార్లు రాసింది, మేనేజరు మూడుసార్లూ తిప్పికొట్టాడు. మంత్రం లేకపోతే మనుషులు ఊరికే ఎందుకు ఆగుతారని ఆయన పట్టు. ఈసారీ నమ్మించలేకపోతే ఆ పాత్రను పుస్తకంలోంచి తీసేస్తారు. ఆరు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఇంట్లో చోటు చాలక, తానుండే నాలుగో అంతస్తు వరండాలో లిఫ్టు నుంచి మెట్ల దాకా సుద్దముక్కతో గడులు గీసింది. ఒక గడిలో చీటీ అంటించింది: "ఇందులో కాలు పెట్టినవారు కదలరాదు. కదిలితే ఐదు ప్రాణాలు పోతాయి." ఆ ఆటలో ప్రాణాలంటే లెక్కకు పెట్టుకునే చుక్కలు. ఐదు పోవడమంటే చీమ కుట్టినంత. అంతలో మేనేజరు ఫోన్ చేశాడు. ఆమె లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఎదురింటి లెక్కల మాస్టారు రిటైరై పదేళ్ళయింది. చెత్తబుట్ట పట్టుకుని బయటికొచ్చి, వంగి చీటీ చదివారు. చదివాక చూసుకుంటే రెండు కాళ్ళూ గడిలోనే ఉన్నాయి. ఆ ఐదు ప్రాణాలూ ఎవరివా అని ఆలోచించారు. ఇంట్లో తను, భార్య. పక్క వాటాలో ముగ్గురు. లెక్క సరిపోయింది. ఆయన అలాగే నిలబడిపోయారు.

లిఫ్టు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్‌తో ఆయన పెదవులు కదపకుండానే అన్నారు: "కదలకు నాయనా. ప్రాణాలు పోతాయి." నేలలోకి కరెంటు పాకిందనుకుని మెకానిక్ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాడు. పార్సెల్ తెచ్చిన అమ్మాయి వాళ్ళిద్దర్నీ చూసి, ఎవరో పోయారనుకుని తల వంచుకుని నిలబడింది. డ్యూటీ దిగి మెట్లెక్కి వస్తున్న ఐదో అంతస్తు నర్సు, వంచిన ఆ తలను చూసి ఆగిపోయింది. భర్తను వెతుక్కుంటూ వచ్చిన మాస్టారి భార్య, ఆయన ముఖం చూసి చేతిలో గరిటెతో సహా బిగుసుకుపోయింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు.

నలభై నిమిషాల తర్వాత రూళ్ళకర్ర తలుపు తీసింది. పట్టపగలు, వరండా నిండా మనుషులు, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఊపిరి కూడా వంతులవారీగా తీస్తున్నట్టున్నారు. ఇదంతా ఆట అని చెప్పింది, చీటీ చింపి చూపించింది. ఎవరూ కదల్లేదు. మాస్టారి చెయ్యి పట్టుకుని లాగబోయింది. ఆ చెయ్యి చల్లగా, కొయ్యలా ఉంది.

"గీసినదానివి నువ్వు, నీకేం కాదు అమ్మాయ్. ముందు ఆ ఐదుగురి సంగతి చూడు," అన్నారాయన.

మనిషిని ఆపడానికి నియమం రాసింది గాని, వదలడానికి రాయలేదని ఆమెకప్పుడు తట్టింది. తడిగుడ్డ తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో గడీ తుడవసాగింది. గడి చెరిగిపోగానే అందులోని మనిషి కదిలి, చేతులూ కాళ్ళూ తడుముకుంటూ పక్కకు జరిగాడు. అలా అందర్నీ వదిలిస్తూ వెళ్ళేసరికి మెట్ల దగ్గర ఇంకొకడు మిగిలాడు. గోడవైపు తిరిగి, భుజాన మూటతో నిలబడ్డాడు. ఎవరింటికొచ్చారని అడిగింది. అతనికి చెమటలు కారుతున్నాయి.

"పైకెళ్ళేటప్పుడు పురుగు కూడా లేదమ్మా. దిగేసరికి ఇంతమంది, ఒక్కరూ నోరెత్తరు. నా కోసమే కాచుకున్నారని తెలిసిపోయింది. కొట్టాలంటే కొట్టండి. అలా నిలబడి మాత్రం చూడకండి."

ఆ మూట కట్టిన గుడ్డ తన పడకగది కిటికీ తెర అని నర్సు గుర్తుపట్టింది.

పోలీసులు అతన్ని తీసుకెళ్ళాక రూళ్ళకర్ర కట్టడివాడి నియమాలకు రెండే వాక్యాలు కలిపింది: ఆగినవాణ్ణి చూస్తే ఇంకొకడు ఆగుతాడు, గీత చెరిగితేనే కదులుతాడు. మేనేజరు జరిగింది విని, మంత్రం అక్కర్లేదని ఒప్పుకుని, పాత్రను అచ్చుకు పంపాడు.

బిల్డింగువాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. మర్నాడు మాస్టారి భార్య వచ్చి, భర్త రోజూ సాయంత్రం పేకాటకు పోతున్నారని మొర పెట్టుకుంది. "మా గుమ్మంలో ఒక్క గడి గీసిపెట్టమ్మా."

"అందులో మంత్రమేమీ లేదు పిన్నిగారూ."

"లేకపోతే మరీ మంచిది. వికటించదు."

మొహమాటం కొద్దీ గీసింది. రాత్రంతా మనసు పీకుతుంటే, తెల్లవారగానే తడిగుడ్డ పట్టుకుని వెళ్ళింది. సుద్దగీతల మీద ఎవరో చక్కగా తెల్ల పెయింటు వేసేశారు.

మాస్టారు ఆ గుమ్మం దాటక ఇవాళ్టికి మూడు వారాలు.